టామియా హార్నెట్: మొదటి ఆర్‌సీ బగ్గీ కిట్‌గా ఇదే ఎందుకు కొనమంటానంటే

ముందే చెప్పేస్తున్నా. మట్టిలో తిరిగే ఆర్‌సీ కారు, అంటే రిమోట్‌తో నడిచే బగ్గీ, కిట్‌గా తెచ్చుకుని మొదటిసారి చేత్తో బిగించుకుందాం అనుకునేవాళ్లకు నా ఓటు జపాన్ కంపెనీ టామియా చేసే హార్నెట్‌కే. వేగంలో గొప్పదని కాదు, మలుపుల్లో నిలకడగా ఉంటుందని అసలే కాదు. ఇందులో ఏ భాగం ఎందుకుందో బిగిస్తుండగానే అర్థమైపోతుంది, తర్వాత ఏది విరిగినా ఎక్కడ విప్పాలో మీకే తెలిసిపోతుంది. మొదటి కిట్ నుంచి అంతకంటే ఏం కావాలి? పోటీల కోసం చేసిన ఖరీదైన కిట్‌తో మొదలుపెట్టి, డిఫరెన్షియల్ (మలుపుల్లో రెండు చక్రాలూ వేర్వేరు వేగంతో తిరగనిచ్చే గేర్ల కూర్పు) దగ్గరే ఆగిపోయి, అటక మీద పడేసినవాళ్లు నాకు బాగానే తెలుసు.

హార్నెట్ పాత మోడలే. 1984లో వచ్చింది, అదే ఏడాది దానికంటే కాస్త ముందు టామియాదే గ్రాస్‌హాపర్ వచ్చింది. రెండూ 1/10 సైజు, అంటే అసలు బండిలో పదో వంతు, రెండూ వెనక చక్రాలతో నడిచేవే. ఆ రోజుల్లో వీటిని అద్దాల వెనక చూసి ఊరుకున్న పిల్లలు పెద్దయి జీతాలు తీసుకోవడం మొదలెట్టాక అడగబట్టే కాబోలు, 2004లో హార్నెట్‌ను, 2005లో గ్రాస్‌హాపర్‌ను కంపెనీ మళ్లీ అమ్మకానికి పెట్టింది. పాత జ్ఞాపకాల గొడవ మనకెందుకు గానీ, దీనివల్ల మనకు దక్కే లాభం ఒకటుంది. ఇన్నేళ్లుగా అమ్ముడుపోతున్న మోడల్ కాబట్టి స్పేర్ పార్టులు విడిగా దొరుకుతాయి, ఎక్కడ ఏం విరుగుతుందో, దానికి ఏం చేయాలో ఇప్పటికే వందలమంది చెప్పి ఉన్నారు.

మరి గ్రాస్‌హాపర్ ఇంకా చౌక కదా, అదెందుకు కాదు? చిన్న పిల్లాడికైతే అదే కొనండి, తప్పేం లేదు. దాంట్లో వచ్చేది 380 సైజు చిన్న మోటారు, హార్నెట్‌లో అంతకంటే పెద్దదైన 540. గ్రాస్‌హాపర్‌కి నూనె లేని ఉత్త స్ప్రింగులు, హార్నెట్ వెనక మాత్రం ఆయిల్ డాంపర్లు, అంటే కుదుపులు తగ్గించే నూనె నింపిన షాక్ అబ్జార్బర్లు. గ్రాస్‌హాపర్ బాడీ గట్టి ప్లాస్టిక్, హార్నెట్‌ది వంగే పాలీకార్బొనేట్, బోల్తా పడితే వంగి లేస్తుంది తప్ప అంత తొందరగా పగలదు. ఎలాగూ బోల్తా పడుతుంది, ఆ విషయానికి తర్వాత వస్తా.

పెట్టె తెరవగానే కాస్త గాభరా పుడుతుంది. ప్లాస్టిక్ ఫ్రేములకు అంటుకుని ఉన్న ముక్కలు, అక్షరాలు అచ్చేసిన స్క్రూల కవర్లు, ఒక చిన్న గ్రీజు ట్యూబ్, మడతపెట్టిన మాన్యువల్. ఆ మాన్యువల్ మాత్రం నిజంగా మెచ్చుకోవాల్సిన వస్తువు. ప్రతి మెట్టులో వాడే స్క్రూ బొమ్మను అసలు సైజులోనే అచ్చేస్తారు, చేతిలోని స్క్రూను కాగితం మీద పెట్టి చూసుకుంటే 8 మిల్లీమీటర్లదో 10 మిల్లీమీటర్లదో తేలిపోతుంది. భాష రాకపోయినా పని ఆగదు. నాతో కూర్చున్న మా మేనల్లుడు మొదట్లో "మామయ్యా, ఇది బిగించేసింది దొరకదా?" అని నస పెట్టాడు గానీ, గేర్‌బాక్స్ మూసి చేత్తో ఒక చక్రం తిప్పితే రెండోది ఎదురు తిరగడం చూశాక స్క్రూడ్రైవర్ నాకివ్వడం మానేశాడు.

స్క్రూడ్రైవర్ అంటే గుర్తొచ్చింది. ఇంట్లో ఉన్న మామూలు ప్లస్ స్క్రూడ్రైవర్‌తో మొదలెట్టకండి. ఈ స్క్రూల గాడి జపాన్ ప్రమాణం ప్రకారం ఉంటుంది, చూడటానికి ప్లస్సే గానీ కోణం కొంచెం వేరు. మన స్క్రూడ్రైవర్ కొన అందులో పూర్తిగా కూర్చోదు, గట్టిగా తిప్పితే జారిపోయి గాడిని కొరికేస్తుంది. ఆ జపాన్ ప్రమాణాన్నే జేఐఎస్ అంటారు, ఆ రకం, రెండో నంబర్ సైజుది ఒకటి కొనుక్కుంటే ఈ కిట్‌లో చాలా భాగం దాంతోనే అయిపోతుంది. స్క్రూలు ఎక్కువగా ప్లాస్టిక్‌లో సొంతంగా మర కోసుకుంటూ దిగేవే, అందుకని మొదటిసారి బిగుతుగా దిగుతాయి. కొనకు కాస్త సబ్బు రాస్తే సులువు. ఒకసారి విప్పి మళ్లీ బిగించేటప్పుడు మాత్రం వెంటనే ముందుకు తిప్పకూడదు. ముందు వెనక్కి మెల్లగా తిప్పాలి, ఒకచోట "టక్" మని చిన్నగా కిందికి దిగినట్టు వేలికి తెలుస్తుంది, అంటే పాత మరలో కూర్చుందన్నమాట, అక్కణ్నుంచి బిగించాలి. ఇది పాటించకపోతే రెండు మూడు సార్లకే రంధ్రం వదులైపోయి స్క్రూ ఊరికే తిరుగుతూ ఉంటుంది.

ఆయిల్ డాంపర్ల దగ్గర ఓపిక పట్టాలి. సిలిండర్‌లో నూనె పోసి, పిస్టన్ మెల్లగా పైకీ కిందికీ ఆడిస్తే సన్నటి బుడగలు పైకి తేలతాయి. అవన్నీ పోయేదాకా నిలబెట్టి ఉంచి, అప్పుడు మూత పెట్టాలి. గాలి మిగిలితే నొక్కినప్పుడు చప్పుడు చేస్తుంది, రెండు డాంపర్లూ ఒకేలా పని చేయవు. ఈ మెట్టులోనే టీ తాగడానికి లేవండి, సరిపోతుంది.

పెట్టెలో లేని వాటి జాబితా పెద్దదే, కొనేముందు బడ్జెట్ వేసుకోవాల్సింది ఇక్కడే. రిమోట్, రిసీవర్, స్టీరింగ్ సర్వో (ముందు చక్రాలను తిప్పే చిన్న మోటారు), 7.2 వోల్టుల బ్యాటరీ, ఛార్జర్, పెయింటు ఇవన్నీ మీరే కొనాలి. మోటారు వేగాన్ని అదుపు చేసే ఈఎస్‌సీ కొన్ని దేశాలకు వెళ్లే పెట్టెల్లో ఉంటుంది, కొన్నిట్లో ఉండదు, అమ్మేవాడు రాసింది పూర్తిగా చదవండి. లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ పెడదాం అనుకుంటే ముందు ఆ ఈఎస్‌సీలో తక్కువ వోల్టేజీ దగ్గర ఆగిపోయే ఏర్పాటు ఉందో లేదో చూడండి. లేకపోతే బ్యాటరీ అడుగంటా ఖాళీ అయి పాడైపోతుంది. మొదటి కారుకి నికెల్ మెటల్ హైడ్రైడ్ ప్యాక్ చాలు, టెన్షన్ ఉండదు.

పెయింటు బాడీ లోపలి వైపు నుంచి వేయాలి, బయటికి మెరుపు అలాగే ఉంటుంది, గీతలు పడినా రంగు పోదు. మామూలు స్ప్రే పెయింటు పాలీకార్బొనేట్ మీద పొరలుగా ఊడొస్తుంది, ఈ ప్లాస్టిక్ కోసమే చేసిన రకం అడగండి, టామియాలో దాన్ని పీఎస్ అంటారు. టీఎస్ అని రాసి ఉంటే అది గట్టి ప్లాస్టిక్‌కి, అంటే గ్రాస్‌హాపర్‌కి. స్ప్రే డబ్బాలు విమానంలో పంపరు కాబట్టి ఇక్కడ దొరికే చోటు ముందే చూసుకోవాలి.

ఇక నడపడం. ఎర్రమట్టి నేల గట్టిగా ఉండి పైన కాస్త దుమ్ము ఉంటే హార్నెట్‌కి పండగే. వెనక ముళ్ల టైర్లు మట్టిని ఎగజిమ్ముకుంటూ పోతాయి. గతుకులు వస్తే మాత్రం వెనక భాగం ఎగురుతుంది. వెనక ఇరుసు, గేర్‌బాక్స్, మోటారు అన్నీ కలిపి ఒకే ముద్దగా ఊగేలా కట్టారు, ఆ బరువంతా చక్రాలతో పాటే పైకి లేచి కిందపడుతుంది. డాంపర్లు ఎంత బాగా కట్టినా ఇది పోదు, డిజైనే అంత. వేగంగా పోతూ ఒక్కసారి స్టీరింగ్ తిప్పారో, పల్టీ ఖాయం. కొందరికి ఇది లోపం, నాకైతే సగం సరదా ఇదే. విశాఖ బీచ్‌లాంటి పొడి ఇసుకలో కూరుకుపోతుంది, పైగా ఉప్పు గాలి స్క్రూలను తుప్పు పట్టిస్తుంది. వాన పడ్డాక నల్లరేగడిలోకి దించితే కారు కంటే మట్టి బరువెక్కువ. కోత అయిన వరిమళ్లలోకి కూడా వద్దు, వరి కొయ్యలు అడుగున తగిలి నిలబెట్టేస్తాయి.

దుమ్ము మన దగ్గర అసలు శత్రువు. కిట్‌లో బాల్ బేరింగుల బదులు బుష్‌లు, అంటే గోళీలు లేని ఉత్త రింగులు ఇస్తారు, వాటిలోకి దుమ్ము చేరి అరిగిపోయి చక్రాలు లొడలొడలాడతాయి. కిట్‌తో పాటే ఈ మోడల్‌కి సరిపోయే బేరింగుల సెట్ కొని బిగించేటప్పుడే పెట్టేయండి, తర్వాత మళ్లీ అంతా విప్పే బాధ తప్పుతుంది. నేను ఒక ఆన్‌లైన్ అమ్మకందారు దగ్గర తెప్పించిన సెట్‌లో రెండు బేరింగులు తక్కువొచ్చాయి, ఫోన్ చేస్తే వారం తిప్పాడు. కవర్ చింపకముందే లెక్కపెట్టుకోండి, వీలైతే ఫొటో తీసుకోండి.

అయినా ఈ ఎగురుడు మావల్ల కాదు, తిన్నగా పోయేది కావాలి అనేవాళ్లకు టామియాదే ఇంకో బగ్గీ, టీటీ-02బీ ఉంది. నాలుగు చక్రాలకీ షాఫ్టుతో బలం వెళ్తుంది, చుట్టూ ఆయిల్ డాంపర్లు, మట్టిలో పట్టు చాలా మెరుగు. కారుగా చూస్తే హార్నెట్ కంటే మంచిదే, ఒప్పుకుంటా. రెండు డిఫరెన్షియళ్లు, మధ్యలో షాఫ్టు, బిగించాల్సిన పని ఎక్కువ, అరిగేవీ ఎక్కువే. రాళ్ల గుట్టలు మెల్లగా ఎక్కించాలని మనసుంటే ఇవి రెండూ వద్దు, క్రాలర్ కిట్ వైపు వెళ్లండి, టామియాలోనే సీసీ-02 ఉంది. హైదరాబాద్ చుట్టుపక్కల బండరాళ్లకు నిజానికి అదే నప్పుతుంది, కాకపోతే పరుగు ఉండదు.

ధర సంగతి. జపాన్ సైట్లలో కనిపించే అంకె చూసి సంబరపడకండి. మన దేశంలో బొమ్మల మీద కస్టమ్స్ సుంకాన్ని 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచారు, స్కేల్ మోడళ్లు కూడా ఆ పద్దులోకే వస్తాయి. దాని మీద జీఎస్టీ, పంపే ఖర్చు. ఇక్కడి హాబీ షాపులో ఉన్న పెట్టె ఖరీదుగా అనిపించినా ఈ లెక్క వేశాక చూడండి, పెద్ద తేడా ఉండకపోవచ్చు, పైగా ఒక ముక్క తక్కువైతే వెళ్లి అడిగే మనిషి ఉంటాడు. అమెరికాలోనో బ్రిటన్‌లోనో ఉన్నవాళ్లకు ఇంత బాధ ఉండదు. సెలవులకు వచ్చే బావగారు ఉంటే కిట్ ఆయన సూట్‌కేసులో పెట్టించండి, పెయింటు డబ్బాలు మాత్రం చెప్పొద్దు, ఎయిర్‌పోర్టులో ఆయన్ను ఇబ్బంది పెట్టినట్టవుతుంది.

ఒక అదనపు ముందు బంపర్, బేరింగులు, జేఐఎస్ స్క్రూడ్రైవర్, ఇవి కిట్‌తో కలిపి ఒకేసారి ఆర్డర్ పెట్టేయండి. కొన్నవెంటనే ఇంకా వేగంగా పోయే బ్రష్‌లెస్ మోటారు పెట్టమని ఎవరో ఒకరు తప్పకుండా చెబుతారు. వెనక టైర్లు ఒక జత అరగనివ్వండి, అప్పుడు చూద్దాం.