పిల్లల తినుబండారాలకు ఆట పెట్టెలు చేయించుకునేవారికి హెచ్చరిక

తోటి పిండివంటల తయారీదారులకు ఈ సంగతి ఆలస్యం చేయకుండా చెప్పాలని రాస్తున్నాను. నాకు ఈ పెట్టెలు చేసిచ్చిన డిజైనర్ మనలో చాలామందికి పని చేసిపెట్టినవాడే కనుక, పేరు రాయకపోయినా ఎవరో మీకు తెలుస్తుంది.

మా సున్నుండలకు నేను అడిగింది లోపల ఏ అచ్చూ లేని తెల్ల పెట్టె, దానిపైన అట్ట తొడుగు. తొడుగు విప్పి నేలమీద పరిస్తే లోపలి వైపున నూరు గళ్ల వైకుంఠపాళి కనిపించాలి. అంచులు కత్తిరించి మడిస్తే పాచిక, నాలుగు కాయలు రావాలి. ప్లాస్టిక్ పాచిక వద్దని మొదటే చెప్పాను. 2017లో ఏలూరులో నాలుగేళ్ల బాబు చిరుతిండి పొట్లంలో వచ్చిన ప్లాస్టిక్ బొమ్మ గొంతుకు అడ్డుపడి చనిపోయిన సంగతి నేను మరచిపోలేదు. అతను చూపించిన నమూనా సరిగ్గా అడిగినట్టే ఉంది, మా అక్క మనవడు దాన్ని చేతిలోంచి వదలలేదు. 2,000 పెట్టెలకు 58,000 రూపాయలు మాట్లాడుకుని, 40,000 ముందుగానే ఇచ్చాను.

సరుకు వచ్చాక చూస్తే లోపలి తెల్ల పెట్టె లేదు. ఫోన్ చేస్తే, "ఇది ఫుడ్ గ్రేడ్ ఇంకు అమ్మా, నేరుగా పెట్టేసుకోండి, మీకే ఖర్చు కలిసి వస్తుంది" అన్నాడు. మరునాడు ఒక బడికి సరుకు పంపవలసి ఉండటంతో ఆ మాట నమ్మి, ఆ రాత్రే ముప్పై పెట్టెలు నింపాను. అది నా తప్పు, ఒప్పుకుంటున్నాను.

తెల్లవారి ఒక పెట్టె తెరిస్తే నేతి వాసనకు ముందు ఇంకు వాసన కొట్టింది. సున్నుండను తిప్పి చూస్తే అడుగున ఎర్రటి పాము తోక, దాని పక్కన తిరగబడిన 47 అంకె స్పష్టంగా దిగి ఉన్నాయి. నెయ్యి ఆ రంగును పీల్చుకుంది. వెంటనే ఫొటో పంపి మళ్లీ ఫోన్ చేశాను. అతను అన్న మాట ఇంకా చెవిలో ఉంది: "పిల్లలకు రంగులంటే ఇష్టమే కదమ్మా, కొంచెం అంటితే ఏమవుతుంది?" అతనికీ ఇద్దరు పిల్లలున్నారు. ఆ సున్నుండలు వాళ్లకు పెడతావా అని అడిగాను. కొంతసేపు ఏమీ పలకలేదు, తర్వాత ఫోన్ పెట్టేశాడు. ఇంకు ఏ రకమో తెలిపే కాగితం పంపమని మూడుసార్లు సందేశం పెడితే, అలాంటివి ఎవరూ అడగరని ఒక్క వాక్యంలో జవాబిచ్చాడు.

అడగాలి. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) 2018 ప్యాకేజింగ్ నిబంధనల ప్రకారం అచ్చు వేసిన వైపు ఆహారానికి నేరుగా తగలకూడదు, వాడే ఇంకు ఐఎస్ 15495 అనే భారతీయ ప్రమాణానికి లోబడి ఉండాలి. ఇది తెలిసిన నేనే తొందరపడ్డాను, కనుక తెలియనివారు మరింత సులభంగా మోసపోతారని నా భయం.

ముప్పై పెట్టెల సున్నుండలు పారబోశాను, బడికి క్షమాపణ చెప్పుకున్నాను. డబ్బు తిరిగి ఇవ్వలేదు, ఫోన్ ఎత్తడం లేదు.

మీరు చేయించుకునేటప్పుడు ఇంకు కాగితం చేతికి వచ్చాకే అడ్వాన్సు ఇవ్వండి, లోపలి పెట్టె సంగతి బిల్లులో రాయించుకోండి. సరుకు రాగానే నెయ్యి రాసిన తెల్ల గుడ్డను అచ్చు వైపున ఒక రాత్రి ఒత్తి ఉంచి, రంగు దిగుతుందేమో చూడండి. రంగు దిగకపోయినా ఆ వైపున తిండి మాత్రం పెట్టకండి.