బకింగ్‌హాం కాలువ గట్టున రెండు రోజులు

పాడుబడ్డ కాలువ చూడ్డానికి రెండు రోజులు సెలవు అడిగితే ఆఫీసులో నవ్వారు. నవ్వితే నవ్వారు, వెళ్లొచ్చాం.

మొదటి రాత్రి వాడరేవు దగ్గర రిసార్టులో దిగాం. కిటికీ తీస్తే సముద్రమే గానీ, భోజనం చల్లారిపోయి వచ్చింది, కరెంటు పోతే గంటసేపు జనరేటర్ వెయ్యలేదు. రెండో రాత్రి చీరాల స్టేషన్ దగ్గర మామూలు లాడ్జి. గది ఇరుకే కానీ దుప్పట్లు శుభ్రం, తెల్లారకముందే వేడినీళ్లు, గుమ్మంలోనే ఆటో. కాలువ కోసం వెళ్లేవాళ్లకి ఇదే నయం.

ఆటోలో చినగంజాం ఉప్పు మడులు దాటి పెదగంజాం వెళ్లాం. దుగ్గిరాల నుంచి 113 కిలోమీటర్లు వచ్చిన కొమ్మమూరు కాలువ ఇక్కడే బకింగ్‌హాంలో కలుస్తుంది. చెన్నై ఇక్కడికి నీటిదారిన 316 కిలోమీటర్లు. 1806లో మద్రాసు దగ్గర మొదలైన తవ్వకం ముక్కలు ముక్కలుగా సాగింది. 1876–78 కరువులో కూలికోసం వచ్చినవాళ్ల చేత కొంత తవ్వించి, అప్పటి గవర్నరు పేరు పెట్టారు. ఉప్పు, వంటచెరకు పడవల మీద మద్రాసు వెళ్లేవి. గాలి పడిపోతే మనుషులు గట్టున నడుస్తూ తాడుతో పడవ లాగేవారట. ఆ గట్టు ఇప్పుడు చాలాచోట్ల తుమ్మచెట్ల పాలు. 1965, 66 తుఫాన్లు కొట్టిన దెబ్బ నుంచి ఈ దారి మళ్లీ కోలుకోలేదు.

కొంతదూరం పోయాక ఒక పాత లాకు (పడవలు దాటడానికి నీటిమట్టం పెంచి, తగ్గించే తలుపుల కట్టడం) కనిపించింది. తలుపుల్లేవు, రెండు పక్కలా నిటారు గోడలు. కంచె లేదు, బోర్డు లేదు, జారిపడితే పట్టుకుని పైకి రావడానికి మెట్టు కూడా లేదు. ఫొటో కోసం అంచుకి పోతుంటే గొర్రెలు కాసుకుంటున్న పెద్దాయన కేకేశారు: "అటు పోమాకండి బాబూ, పాచి! పోటు మీదుంటే లోతు తెలవదు." నాకు కాళ్లు వణికాయి. ఆయన లేకపోతే మా పిల్లాడు నాకంటే ముందే అక్కడుండేవాడు.

2008లో దీన్ని నాలుగో జాతీయ జలమార్గంలో చేర్చారు. పర్యాటక పడవలు వస్తే నేనే మొదటి టికెట్ కొంటాను. కానీ ముందు కావలసింది అది కాదనిపించింది. పాత లాకులకి కంచె, రేవుల్లో మెట్లు, పేరుకున్న మట్టి తియ్యడం: ఇవి పడవల కోసమే కాదు. 2004 సునామీలో ఎగదన్నుకొచ్చిన నీటిని చాలా ఊళ్ల దగ్గర ఈ కాలువే మింగింది. పూడిపోయిన కాలువ ఎంత మింగుతుంది?

ఆటో అతను రోజంతా ఓపిగ్గా ఉన్నాడు, మాట్లాడుకున్నదానికి పైసా ఎక్కువ అడగలేదు. గట్టు మీద నీడ, మరుగుదొడ్డి, హోటలు ఏవీ లేవు. నీళ్లు, టోపీ, అరటిపళ్లు వెంట ఉండాలి. తొమ్మిదిలోపు నడక ముగిస్తే మంచిది. మేం పదకొండు దాకా ఉండి, ఎండదెబ్బతో సాయంత్రమంతా లాడ్జిలో పడుకున్నాం.