అమ్మ మతిమరుపుకు మా దగ్గర దొరికే వైద్యం: కొన్నేళ్ళు వాడాక నా మాట

కోడుమూరు పక్క పల్లెలో ఉండే మా అమ్మకు డిమెన్షియా. ఊరి క్లినిక్ నుంచి కర్నూలులో న్యూరాలజీ ఓపీ దాకా కొన్నేళ్ళుగా అన్నీ వాడుతున్నాం. పరీక్షలు, మందులు ఫర్వాలేదు. జబ్బును తొందరగా కనిపెట్టడంలోనే బాగా వెనకబడ్డాం. చూసుకునేవాళ్ళకు ఆసరా అంటారా, లేదనే అనుకోండి.

ఆరోగ్య సిబ్బంది ఇంటింటికీ వచ్చి నింపుకుపోయే ఫారంలో 60 దాటినవాళ్ళకు వేరే ప్రశ్నలున్నాయి. అయినవాళ్ళ పేర్లు గానీ సొంత ఇంటి అడ్రస్ గానీ మరిచిపోతున్నారా అనేది అందులో ఒకటి. ప్రశ్న ఉండటం మంచిదే. కానీ పేర్లు మరిచేదాకా వచ్చిందంటే జబ్బు అప్పటికే ముదిరినట్టు. పైగా ఆ మాట అడిగింది అమ్మనే. "నాకేం మరుపమ్మా, నీ పెండ్లికొచ్చి పాట కూడా పాడతా" అనింది. అవ్వ బాగుందని టిక్కు పడిపోయింది. అప్పటికే ఊరిబిండిలో ఉప్పు రెండుసార్లు పడుతోంది. పాలవాడికి డబ్బు లెక్కపెట్టి ఇవ్వలేకపోతోంది. ఎప్పుడో పోయిన నాయన గురించి "చేనికి పోయినాడా" అని పొద్దస్తమానం అడుగుతోంది. ఇవన్నీ తెలిసింది మా వదినకు. ఆమెను ఎవరూ అడగలేదు.

2023లో వచ్చిన జాతీయ అధ్యయనం ప్రకారం దేశంలో 60 దాటినవాళ్ళలో 7.4 శాతం మందికి డిమెన్షియా ఉంది. మా ఊళ్ళో మాత్రం అందరిదీ చాదస్తమే! మేం మొదట చూపించిన ప్రైవేటు డాక్టరు కూడా "వయసు కదమ్మా" అని టానిక్ రాసి పంపాడు.

న్యూరాలజీ ఓపీలో థైరాయిడ్, బీ12, సీటీ స్కాన్ చేయించారు. థైరాయిడ్ తగ్గినా, బీ12 తక్కువైనా మరుపు రావచ్చు, వాటికి వైద్యం ఉంది. అమ్మకు బీ12 తక్కువే ఉండింది. ఇంజెక్షన్లతో నీరసం పోయింది గానీ మరుపు పోలేదు. నాకు బాగా నచ్చిందేమంటే, మరుపు పరీక్షల్లో మామూలుగా గీయించే గడియారం బొమ్మను పలక పట్టని మనిషిని గీయమనలేదు. మొన్న పోయిన పండగేది, వంద నోటిచ్చి ముప్పై రూపాయల కూరగాయలు కొంటే చిల్లరెంత అని అడిగారు. తర్వాత వదినను కూర్చోబెట్టి చాలాసేపు మాట్లాడారు. అందుకే ఎవరు పోయినా ఇంట్లో వెంట ఉండే మనిషిని తీసుకుపోండి, ఏ మార్పు ఎప్పుడు మొదలైందో కాగితం మీద రాసుకోండి.

మరుపుకు రాసిచ్చిన మందు డోనెపెజిల్. అది జబ్బును నయం చేయదని ముందే చెప్పారు. మొదట్లో విరేచనాలు పట్టుకున్నాయి, తర్వాత సర్దుకుంది. కొన్నాళ్ళు మనిషి నిలకడగా ఉండింది. అంతకుమించి ఆశపడొద్దు.

అనుకోకుండా పనికొచ్చింది టెలి మానస్, మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన ఫోన్ లైను, నంబరు 14416. ఉచితం, రాత్రిపూట కూడా తెలుగులో మాట్లాడతారు. సాయంత్రమైతే అమ్మ "మా ఇంటికి పోతా" అని వాకిట్లో గొడవ. ఇదే నీ ఇల్లని వాదించొద్దు, చీకటి పడకముందే లైట్లేయండి, చేతికేదైనా పనివ్వండి అన్నారు. ఇప్పుడు శెనక్కాయలు ముందు పెడితే ఒలుచుకుంటూ కూర్చుంటుంది. ఉన్నట్టుండి ఎక్కువైతే మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉందేమో చూపించమన్నారు. ఒకసారి నిజంగా అదే అయింది.

పగటిపూట పెద్దవాళ్ళను చూసుకునే కేంద్రం మాకు అందే దూరంలో లేదు. అమ్మ బీపీ చూడటానికి వచ్చేవాళ్ళు వదిన నడుంనొప్పి గురించి అడగరు. ఆమె పుట్టింటికి పోవాలంటే నేను ఆఫీసుకు సెలవు పెట్టాల్సిందే.