నా పాత ఐ10, రెండు రకాల ఇంజన్ ఆయిళ్లు

మాది 2011 మోడల్ ఐ10, 1.1 పెట్రోలు. ఎక్కువగా విజయవాడలోనే తిరుగుతుంది, నెలకోసారి హైదరాబాద్ వెళ్లొస్తుంది. మొదటి 70 వేల కిలోమీటర్లు మినరల్ ఆయిల్ (ముడి చమురు నుంచి తీసే మామూలు రకం) మీద నడిచింది, 15డబ్ల్యూ-40 గ్రేడు. ఆ తర్వాత 48 వేలు ఫుల్లీ సింథటిక్, 5డబ్ల్యూ-40.

ముందు డబ్బు సంగతి. మినరల్ చివరిసారి కొన్నప్పుడు మూడున్నర లీటర్ల డబ్బా పన్నెండొందలు, సింథటిక్ రెండు వేల రెండొందలు. ఆ వెయ్యికి మైలేజీ పెరుగుతుందని ఆశపడితే, నాకైతే పెరగలేదు. ఫుల్ ట్యాంకు కొట్టించి లెక్క రాసుకునే పిచ్చి ఉంది నాకు. ఊళ్లో 14, హైవే మీద 18. ఆయిల్ మారినా అంతే. "బండి స్మూత్ అయింది కదా సార్" అని ఆటోనగర్ మెకానిక్ అంటే అవునన్నాను గానీ, ఏ ఆయిల్ పోయించినా మొదటి వారం అలాగే అనిపిస్తుంది.

తేడా తెలిసింది రెండు చోట్ల. ఒకటి అరకులో. డిసెంబరు తెల్లవారుజామున, మినరల్ రోజుల్లో, స్టార్ట్ చేయగానే రెండు మూడు సెకన్లు బానెట్ కింద టకటక. సింథటిక్‌తో వెళ్లిన ఏడాది ఆ చప్పుడే లేదు. డబ్ల్యూ ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎంత తేలిగ్గా పారుతుందో చెప్తుంది. 15 కంటే 5 తొందరగా పైకెక్కుతుంది. వెనకున్న 40 ఇంజన్ వేడెక్కాక ఉండే చిక్కదనం, అది రెండింటికీ ఒకటే. బెజవాడలో మే నెల తెల్లారుజామున కూడా ఉక్కపోస్తుంటే ఆ ముందు అంకెతో మనకేం పని?

రెండోది డిప్‌స్టిక్, అంటే ఇంజన్లో ఆయిల్ ఎంతుందో చూసే కడ్డీ. ఎండాకాలం ఏసీ వేసుకుని 65వ నంబరు హైవే మీద ఆపకుండా లాగిస్తే, మినరల్ ఏడు వేలు తిరిగేసరికి కింది గీత దగ్గరికి దిగేది. అర లీటరు పోయాల్సి వచ్చేది. సింథటిక్ పది వేలకీ పై గీతకి కాస్త కిందే. వేడికి ఆవిరయ్యేది తక్కువ మరి. నల్లబడటం మాత్రం రెండూ నల్లబడతాయి. దానికి కంగారు పడొద్దు, మసిని పట్టి ఉంచడం కూడా ఆయిల్ పనే.

సింథటిక్‌కి మార్చిన ఐదు నెలలకి వాల్వ్ కవర్ (ఇంజన్ పై మూత) చుట్టూ ఆయిల్ చెమ్మ. "సింథటిక్ పల్చన సార్, కారుద్ది" అన్నాడు మెకానిక్. విప్పి చూస్తే మూత కింద కారకుండా వేసే గ్యాస్కెట్ అప్పడంలా విరిగింది. పదేళ్ల రబ్బరు అది! మార్చాక చుక్క కారలేదు.

ఇంకో మాట. డబ్బా మీద సింథటిక్ అని ఉన్నంత మాత్రాన ముడి చమురుతో సంబంధం లేనిదని కాదు. చాలావాటిలో ఉండేది గ్రూప్-3 అనే, బాగా శుద్ధి చేసిన ముడి చమురు సరుకే. 1999లో అమెరికాలో ఈ పేరు మీదే మొబిల్, క్యాస్ట్రాల్ అనే ఆయిల్ కంపెనీలు తగువు పడితే తీర్పు క్యాస్ట్రాల్ పక్షానే వచ్చింది. అయినా పని చేస్తుంది, నాకేం ఫిర్యాదు లేదు.

మా బావమరిది పాత బండి ఏడాదికి నాలుగు వేలు కూడా తిరగదు. దానికి మినరలే పోయించమన్నాను, మాన్యువల్లో ఆ గ్రేడుంది కాబట్టి. ఏడాదికోసారి ఎలాగూ మార్చాల్సిందే, వెయ్యి దండగెందుకు? టర్బో బండైతే ఈ బేరాలేవీ పెట్టుకోకుండా మాన్యువల్లో రాసిందే పోయించాలి.

నాకు దెబ్బ తగిలింది ఆయిల్‌తో కాదు, మనిషితో. ఒక సర్వీస్ సెంటర్లో సింథటిక్ బిల్లు వేసి డ్రమ్ములోంచి పట్టి పోశారు. అడిగితే "అదీ సింథటికే సార్" అన్నారు. అప్పట్నుంచి డబ్బా నేనే కొని తీసుకెళ్తున్నా. సీలు నా ముందే తీయాలి. పోయడం అయ్యాక ఖాళీ డబ్బాకి స్క్రూడ్రైవర్‌తో నాలుగు పోట్లు పొడుస్తా, మళ్లీ ఎవరూ నింపి అమ్మకుండా.

మొన్న పొడుస్తుంటే మెకానిక్ మొహం చిన్నబుచ్చుకున్నాడు. "ఇంటికి తీసుకెళ్లి మొక్కలకి నీళ్లు పోద్దామనుకున్నా సార్" అన్నాడు.