అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ అమెరికా చరిత్ర: పద్ధతి భేష్, చివరి నలభై ఏళ్లు హుళక్కి

మా పిల్లలిద్దరూ న్యూజెర్సీలో హైస్కూల్ చదువుతూ, కాలేజీ స్థాయిలో అమెరికా చరిత్ర చెప్పే ఈ అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ కోర్సు తీసుకున్నారు. ఇద్దరికీ నాలుగేళ్ల తేడా ఉండడంతో మా భోజనాల బల్ల మీద దీని నోట్సు చాలాకాలమే తిష్ఠ వేసింది. కాలేజీలో క్రెడిట్లు కలిసొస్తాయా లేదా అన్నది మీకు అందరూ చెబుతారు. పిల్లలకు ఈ దేశం గురించి ఏం అర్థమవుతుందన్నది నేను చెబుతాను.

ముందుగా మెచ్చుకోవలసింది పత్రాల వ్యాసం. పరీక్షలో ఏడు పత్రాలు ఇస్తారు, గంట సమయం, మొత్తం మార్కుల్లో నాలుగో వంతు. ఉపన్యాసం, ఉత్తరం, కార్టూను ఏదైనా రావచ్చు. ఎవరు రాశారు, ఎవరిని ఒప్పించడానికి రాశారు అని నిలదీసి, తమ వాదన నిలబెట్టాలి. గైడు బట్టీ పట్టి పాసైన నాకు అసూయ కలిగింది. ఈ అలవాటు ఒంటబట్టాక మా అమ్మాయి వియత్నాంలో సైనిక చర్యకు అనుమతించిన 1964 ఆగస్టు నాటి టాంకిన్ తీర్మానంపై ప్రతినిధుల సభలో పడ్డ ఓట్లు చూసి, "416 మందిలో ఒక్కరూ కాదనలేదా?" అని నోరు వెళ్లబెట్టింది. సెనేట్‌లోనూ వ్యతిరేకించింది ఇద్దరే. వియత్నాంలో అధ్యక్షుడు జాన్సన్ చేతికి పగ్గాలు అందింది ఆ ఓటుతోనే. అందుకు కారణంగా అమెరికా నౌకల మీద జరిగాయని చూపిన దాడుల్లో రెండోది అసలు జరగనే లేదని తర్వాత తేలింది.

ఇక లోపం. కోర్సు 1491లో మొదలవుతుంది. 1980 నుంచి నేటి దాకా ఉన్న భాగానికి పరీక్షలో 4 నుంచి 6 శాతమే. 1491-1607 మధ్యకాలానికీ సరిగ్గా అంతే! పరీక్ష మే నెలలో. ఏప్రిల్ వచ్చేసరికి టీచర్లకు ఊపిరాడదు. రీగన్, ప్రచ్ఛన్న యుద్ధం ముగింపు, సెప్టెంబర్ 11, ఇరాక్ అన్నీ గబగబా దొర్లిపోతాయి.

పౌరహక్కుల ఉద్యమం బాగానే చెబుతారు. బడుల్లో జాతి విభజన చెల్లదన్న 1954 బ్రౌన్ తీర్పు, బస్సుల్లో విభజనకు నిరసనగా సాగిన మాంట్‌గోమరీ బస్సుల బహిష్కరణ, 1964 పౌరహక్కుల చట్టం, 1965 ఓటు హక్కు చట్టం పిల్లలకు కంఠతా వచ్చు. కానీ చదివినవాడికి అదంతా దక్షిణాది గొడవ అనిపిస్తుంది. అందుకే 1930లలో ఇళ్ల రుణాల కోసం హోమ్ ఓనర్స్ లోన్ కార్పొరేషన్ అనే ప్రభుత్వ సంస్థ గీయించిన పటాలు మా వాళ్ల ముందు పెట్టాను. రిచ్‌మండ్ విశ్వవిద్యాలయం వాటిని ఆన్‌లైన్‌లో ఉంచింది. మేలైన పేటకు ఆకుపచ్చ, పనికిరాదన్న పేటకు ఎరుపు. ఒక్కో పేటకు ఒక ఫారం. అందులో విదేశాల్లో పుట్టినవాళ్లు ఎంత శాతం, నల్లజాతివారు ఎంత శాతం అని గడులు. ఆ పేటలోకి ఎవరు "చొరబడుతున్నారు" అన్నదానికి మరో గడి. మనకు తెలిసిన న్యూజెర్సీ ఊళ్ల పేర్లే ఆ పటాల్లో కనిపిస్తాయి. ఈ వివక్ష దక్షిణాదికే పరిమితం కాదన్నది, పాఠంలో ఒక వాక్యంగా పోయిన ఆ విషయం, మా అబ్బాయికి అప్పుడు కానీ తలకెక్కలేదు.

1965 వలస చట్టానిదీ అదే గతి, ఒక పేరాతో సరి. దేశాలవారీ పాత కోటాలను రద్దు చేసిన ఆ బిల్లుపై అక్టోబరు 3న లిబర్టీ విగ్రహం దగ్గర సంతకం చేస్తూ, ఇది విప్లవాత్మకమేమీ కాదని, లక్షలాది జీవితాలను మార్చేది కాదని జాన్సన్ అన్నారు. మనవాళ్ల దుకాణాలతో నిండిన న్యూజెర్సీలోని ఎడిసన్ ఓక్ ట్రీ రోడ్డులో నిలబడి ఆ ప్రసంగం చదివితే నవ్వు ఆగదు. దానికి ముందు సంగతి ఇంకా తెలియాలి. 1923లో భగత్‌సింగ్ థింద్ కేసులో భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని సుప్రీంకోర్టు తేల్చింది. మన భీమవరంలో పుట్టిన జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారు బోస్టన్ చేరిందీ ఆ ఏడాదే. 1946లో భారతీయులకు పౌరసత్వం దక్కేలా చట్టం మారినా, 1948లో ఆయన అమెరికా పౌరుడు కాకుండానే కన్నుమూశారు. గ్రీన్‌కార్డు క్యూలో ఉన్న మన ఇళ్ల పిల్లలకు ఇంతకంటే దగ్గరి పాఠం ఏముంటుంది?

మొత్తం మీద అయిదుకు మూడున్నర ఇస్తాను. అవకాశం ఉంటే తీసుకోమనే చెబుతాను, కానీ 1945 తర్వాతి భాగం వేసవిలోనే ఇంట్లో మొదలుపెట్టండి. ఇంకో మాట. మేలో పరీక్ష అయ్యాక బడి జూన్ దాకా నడుస్తుంది. మా వాళ్ల క్లాసులో ఆ వారాలన్నీ సినిమాలతో గడిచిపోయాయి. 1980 తర్వాతి చరిత్రను తీరిగ్గా చెప్పుకోవడానికి ఆ వారాలు చాలు. టీచర్‌తో సెప్టెంబరులోనే మాట్లాడండి.