లేయర్లకు కాపలా: ఆటోలిస్ప్ స్క్రిప్టా, ఎక్స్‌రెఫ్ ఫైలా?

కంప్యూటర్‌లో ప్లాన్లు గీసే ఆటోక్యాడ్‌లో లేయర్‌ను (గీతలను విడివిడిగా ఉంచే పొరను) మార్చకుండా మామూలుగా లాక్ చేస్తే ఎవరైనా ఒక్క క్లిక్‌తో విప్పేయగలరు. అందుకే కొందరు ఆటోక్యాడ్‌లోని ప్రోగ్రామింగ్ భాష ఆటోలిస్ప్‌తో, డ్రాయింగ్ తెరుచుకోగానే యూజర్ పేరు చూసి, అనుమతి లేనివారికి గ్రిడ్ (ప్లాన్‌కు ఆధారమైన అడ్డం, నిలువు గీతల) లేయర్‌ను లాక్ చేసి, ‘అన్‌డిఫైన్’తో లేయర్ కమాండ్‌నే పనిచేయకుండా చేస్తారు. మనిషిని బట్టి, లేయర్‌ను బట్టి మలచుకోవడానికి ఇది వీలైనదే గానీ, కమాండ్ పేరుకు ముందు ఒక చుక్క పెట్టి టైప్ చేస్తే అసలు కమాండ్ యథావిధిగా నడుస్తుంది. స్క్రిప్ట్ లోడ్ కాని కంప్యూటర్‌లోనైతే ఆ చుక్క కూడా అక్కర్లేదు.

గ్రిడ్‌ను వేరే ఫైల్‌లో ఉంచి ఎక్స్‌రెఫ్‌గా, అంటే బయటి ఫైల్‌కు లింకుగా, జతచేస్తే, కాపలా పని సర్వర్ ఫోల్డర్ అనుమతుల చేతికి వెళ్తుంది. చదివే అనుమతి మాత్రమే ఉన్నవారు తమ డ్రాయింగ్‌లో దాని రంగు మార్చుకోగలరు గానీ, మూల ఫైల్‌లో ఒక్క గీతనైనా జరిపి సేవ్ చేయలేరు. ఆ ఫైల్ ఎక్కడుందో చెప్పే పాత్ తెగిపోతే వచ్చే చికాకు ఉన్నా, నేను దీనికే మొగ్గుతాను.