72,400 కిలోమీటర్ల తర్వాత నా 160 సీసీ బండి: చెన్నైలో ఏడేళ్ళు నడిపిన అనుభవం

మా మేనమామ కొడుకు గూడూరు నుంచి ఫోన్ చేశాడు. వాడికి అంబత్తూరులో ఉద్యోగం వచ్చింది. "బావా, నీ బండి లాంటిదే సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతోంది, మంచి రేటు. తీసుకోమంటావా?" అన్నాడు. తీసుకో అనడానికీ నోరు రాలేదు, వద్దనడానికీ మనసు రాలేదు. ఫోన్లో రెండు ముక్కల్లో తేలేది కాదని ఇలా రాస్తున్నాను.

కంపెనీ పేరు చెప్పను. 2018లో 160 సీసీ తరగతిలో చాలా కంపెనీల బండ్లుండేవి, లోపలి సరుకు కాస్త అటూ ఇటూగా ఒకటే. ఎయిర్ కూల్డ్ ఇంజన్, కార్బ్యురేటర్, అయిదు గేర్లు, ముందు డిస్క్, వెనక డ్రమ్, కిక్కూ సెల్ఫూ రెండూ ఉన్న బీఎస్4 (అప్పటి పొగ నిబంధన) బండి. ఏబీఎస్, అంటే గట్టిగా బ్రేకేసినా చక్రం బిగుసుకోకుండా చూసే ఏర్పాటు, లేదు. దసరాకి తీసుకున్నాను. కొత్త బండికి అయిదేళ్ళ థర్డ్ పార్టీ బీమా ఒకేసారి కట్టాలన్న నిబంధన ఆ సెప్టెంబరు 1నే మొదలైంది. షోరూంలో ఆ లెక్క చూసి కాస్త గొణుక్కున్నాను. ఈ బీమా సంగతి గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

కొన్నది ఎందుకంటే, నెల్లూరు వెళ్ళడానికి. నిజంగానే. శనివారం తెల్లారకముందే లేచి, మాధవరం దాటి, రెడ్‌హిల్స్, గుమ్మిడిపూండి, తడ, సూళ్ళూరుపేట, నాయుడుపేట, గూడూరు మీదుగా ఇంటికి చేరి అమ్మ చేతి చేపల పులుసు తినడం. దారి 175 కిలోమీటర్ల పైచిలుకు. ఈ ఏడేళ్ళలో ముప్పై అయిదు సార్లయినా వెళ్ళొచ్చి ఉంటాను. అయినా మీటర్ మీదున్న 72,400లో ఆ ప్రయాణాలన్నీ కలిపి పన్నెండు, పదమూడు వేలే. మిగతాదంతా ఇంటికీ అంబత్తూరు ఎస్టేట్‌కీ మధ్య, కత్తిపార ఫ్లైఓవర్ ఎక్కుతూ దిగుతూ, కోయంబేడు దగ్గర ఫస్ట్ గేర్లో పాకుతూ తిరిగిన దూరం. కాబట్టి బండిని హైవే మీద ఎంత పోతుందని కాదు, సిగ్నల్ దగ్గర ఎలా నిలబడుతుందని చూసి కొనాలని నాకు ఆలస్యంగా తెలిసింది.

సిగ్నల్ దగ్గర ఈ బండి బాగానే నిలబడుతుంది. బరువు నూట నలభై కిలోలకి అటూ ఇటూ. బస్సుకీ ఆటోకీ మధ్య సందులో హ్యాండిల్ తిప్పుకోవచ్చు. సెకండ్ గేర్లో పదిహేను మీద కూడా గునవదు. ఎండాకాలం మాత్రం కష్టం. ఎయిర్ కూల్డ్ ఇంజన్‌కి గాలి తగిలితేనే చల్లదనం. నూరడుగుల రోడ్డులో పది నిమిషాలు ఆగితే మోకాళ్ళ దగ్గర పొయ్యి పెట్టినట్టుంటుంది, గేర్లు గట్టిపడతాయి, న్యూట్రల్ దొరకదు. మనవైపు రోహిణి కార్తెకి రోళ్ళు పగులుతాయంటాం కదా, ఇక్కడ వాళ్ళు కత్తిరి వెయిల్ అంటారు. 2024 వేసవిలో కార్పొరేషన్ వాళ్ళు కొన్ని సిగ్నళ్ళ దగ్గర పచ్చ గుడ్డతో పందిళ్ళు వేశారు. ఆ నీడలో చోటు కోసం స్టాప్ లైన్‌కి పది గజాల వెనకే బండ్లు ఆపేసేవాళ్ళం. చెన్నైలో ట్రాఫిక్ క్రమశిక్షణ అంత చక్కగా నేనెప్పుడూ చూడలేదు.

క్లచ్ ప్లేట్లు 41,000 దగ్గర పోయాయి. తప్పు నాదే. క్లచ్ సగం నొక్కిపట్టి, హాఫ్ క్లచ్ మీద పాకించడం అలవాటైపోయింది. మెట్రో రెండో దశ పనులు మొదలయ్యాక ఆ అలవాటు ముదిరింది. 118.9 కిలోమీటర్ల మెట్రో కడుతున్నారంటే మనకి అర్థమయ్యేది ఒకటే, అన్ని కిలోమీటర్ల రేకుల గోడలు. కోన్‌సెట్ (హ్యాండిల్ తిరిగే చోటి బేరింగులు) 33,000కి, ముందు ఫోర్క్ ఆయిల్ సీళ్ళు 38,000కి మార్చాను. రెండూ ఆ గుంతల పుణ్యమే. చైన్ స్ప్రాకెట్ సెట్లు ఇప్పటికి మూడు. వెనక టైరు రెండుసార్లు, ముందుది ఒక్కసారి. ఇంజన్ ఆయిల్ మూడు వేల కిలోమీటర్లకోసారి తప్పకుండా మార్చాను. ఇంజన్ ఇంకా పొగ పట్టకపోవడానికి అదే కారణమని మా మెకానిక్ అంటాడు.

ఇంకో చిన్న వింత. 2017 ఏప్రిల్ తర్వాత వచ్చిన బండ్లకి హెడ్‌లైట్ ఆపే స్విచ్ ఉండదు, ఇంజన్ ఆన్ అయితే లైటూ ఆన్. అయినా పట్టపగలు ఎదురొచ్చే ప్రతి నాలుగో మనిషీ వేళ్ళు ఆడించి "లైటు, లైటు" అంటాడు. మొదట్లో చెయ్యి ఊపి వివరించేవాణ్ణి. ఇప్పుడు తలూపి సాగిపోతున్నాను.

ఇక అసలు కథ ఉప్పూ నీళ్ళూ.

మొదటి మూడేళ్ళు తిరువాన్మియూరులో ఉన్నాం. మేడ మీంచి సముద్రం కనిపించేది. సాయంత్రం గాలికి ఇంట్లో వాళ్ళు మురిసిపోయేవాళ్ళు, కింద బండి కుళ్ళిపోయేది. ఉప్పు గాలి ముందుగా పట్టేది మెరిసే చోట్ల కాదు, కంటికి ఆనని చోట్ల. సైడ్ స్టాండ్ స్ప్రింగ్, డిస్క్ బోల్టులు, ఫుట్‌రెస్ట్ కింది నట్లు, సైలెన్సర్ అడుగు. రెండో ఏడు చైన్ అడ్జస్టర్ నట్టు తిప్పబోతే స్పానర్ జారి నట్టు అంచులు అరిగి గుండ్రంగా అయిపోయాయి, నట్టు మాత్రం కదల్లేదు. చైన్ మీద తడి చేత్తో రాసిన పసుపులా ఎర్రటి తుప్పు తేలేది. అప్పటినుంచి అయిదు వందల కిలోమీటర్లకోసారి కిరోసిన్‌లో ముంచిన పాత బనీను ముక్కతో తుడిచి, 90 నంబరు గేర్ ఆయిల్ చుక్కలు చుక్కలుగా వెయ్యడం ఆదివారం పనైపోయింది. పెట్రోలుతో మాత్రం కడగొద్దు, లింకుల మధ్య ఉండే రబ్బరు రింగులు పాడవుతాయి. ఇంత చేసినా అయిదో ఏట సైలెన్సర్ అడుగున చిల్లు పడింది. కొత్తది కొనకుండా పుదుపేటలో వెతికి పాతది పట్టుకొచ్చాను. పుదుపేట చూడాల్సిన చోటే. విప్పిన బండ్ల ఎముకలు గుట్టలుగా పడి ఉంటాయి, మనం చెప్పేలోపే మోడలూ సంవత్సరమూ చెప్పేస్తారు. కొత్త సామాన్లూ హెల్మెట్లూ అయితే జీపీ రోడ్డుకి పోవాలి.

తుప్పు బాధ పడలేక కాదు గానీ, పాప స్కూలు కోసం 2021లో వేళచ్చేరికి మారాం. పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టయింది. ఒక పక్క చెరువు, ఇంకో పక్క పళ్ళికరణై చిత్తడి నేల. అద్దె ఇల్లు చూసేటప్పుడు గాలీ వెలుతురూ చూశాను గానీ, పార్కింగ్ గోడ మీద మొలెత్తున ఉన్న బురద చారని చూడలేదు.

2023 డిసెంబరు. చెన్నైని ముంచి, నెల్లూరు తీరం వెంబడి పోయి, బాపట్ల దగ్గర నేల తాకిన మిచౌంగ్ తుఫాను. 4వ తేదీ తెల్లవారేసరికి కింద పార్కింగ్‌లో నా బండి హ్యాండిలూ అద్దాలూ మాత్రమే కనిపిస్తున్నాయి. మూడో రోజుకి నీళ్ళు చక్రాల మధ్యకి దిగాయి. కిందికి దిగి, సీటు మీద చెత్త తీసేసి, తాళం పెట్టాను. స్టార్ట్ అవుతుందేమో చూద్దామని చెయ్యి సెల్ఫ్ మీదికి పోయింది. వీధి చివర షాపు మెకానిక్ అన్న, మోకాలి లోతు నీళ్ళలో ఎవరి బండో తోసుకుంటూ పోతున్నవాడు, అక్కడినుంచే కేకేశాడు. "సార్, స్టార్ట్ పణ్ణాదీంగ!" స్టార్ట్ చెయ్యొద్దని. ఆ ఒక్క కేకే నా ఇంజన్‌ని కాపాడింది. గాలి నలుగుతుంది గానీ నీళ్ళు నలగవు. సిలిండర్‌లో నీళ్ళుండగా పిస్టన్ పైకి దూసుకొస్తే వంగేది కనెక్టింగ్ రాడ్డే. మా పక్క ఫ్లాట్ ఆయన బండికి సరిగ్గా అదే జరిగింది, ఇంజన్ మొత్తం విప్పాల్సి వచ్చింది.

తోసుకుంటూ షాపుకి తీసుకెళ్తే అక్కడ నలభై బండ్లు వరసలో ఉన్నాయి. నా వంతు ఎనిమిదో రోజున వచ్చింది. నేను పక్కనే నిలబడి చూశాను. ముందు స్పార్క్ ప్లగ్ ఊడదీసి, ఆ కన్నానికి గుడ్డ అడ్డం పెట్టి, మెల్లగా కిక్ కొట్టాడు. గుడ్డని తోసుకుని మురికి నీళ్ళు చిమ్మాయి. ఇంకో పది కిక్కులు, చివరికి ఉత్త గాలి. తర్వాత అడుగు బోల్టు విప్పాడు. ఆయిల్ నల్లగా కాదు, పాలెక్కువైన టీ రంగులో చిక్కగా జారింది. "వండి తణ్ణి కుడిచ్చిరుచ్చు సార్" అని నవ్వాడు. బండి నీళ్ళు తాగేసిందని. ఇక్కడ తణ్ణి అంటే నీళ్ళూను, మందూను. చవక ఆయిల్ పోసి అయిదు నిమిషాలు నడిపి పారబోశాడు, మళ్ళీ పోశాడు, మళ్ళీ పారబోశాడు. మూడోసారికి గానీ రంగు నిలవలేదు. కార్బ్యురేటర్ గిన్నెలో కాటుకలాంటి సన్న బురద. ట్యాంకు ఖాళీ చేసి కడిగారు, ఎయిర్ ఫిల్టర్ పారేశారు, వెనక డ్రమ్ములో బ్రేక్ షూలు పట్టేసుకుంటే ఊడదీసి గీకారు. వీల్ బేరింగులు, బ్యాటరీ కొత్తవి. మొత్తం 6,900 రూపాయలు.

ఇప్పుడు బీమా సంగతి. మూడేళ్ళు గడిచాక, పాత బండికి ఇంకెందుకులే అని ఓన్ డ్యామేజ్, అంటే మన బండికి జరిగే నష్టానికిచ్చే భాగం, కట్టడం మానేశాను. అయిదేళ్ళ థర్డ్ పార్టీ ఆ అక్టోబరులో ముగిస్తే అదొక్కటే మళ్ళీ కట్టాను. వరద వచ్చింది రెండు నెలలకి. థర్డ్ పార్టీ బీమా మన బండి వల్ల ఎదుటివాడికి జరిగిన నష్టానికే గానీ, నీళ్ళలో మునిగిన మన బండికి పైసా ఇవ్వదు. ఏడాదికి పదిహేను వందల లోపు మిగుల్చుకుని ఏడు వేలు వదిలించుకున్నాను. మా ఆవిడ ఈ లెక్క ఇప్పటికీ బంధువులందరికీ చెబుతుంది.

2024 అక్టోబరులో భారీ వానలని మళ్ళీ రెడ్ అలర్ట్ వస్తే వేళచ్చేరి ఫ్లైఓవర్ మీద కార్లు వరసగా తెచ్చి నిలబెట్టారు గుర్తుందా? ఆ ఫొటోలు చూసి ఊరంతా నవ్వింది. ఆ కార్ల మధ్య కవర్ కప్పుకుని ఉన్న బండ్లలో ఒకటి నాది.

హైవే గురించి కూడా చెప్పాలి కదా. 65 నుంచి 75 మధ్య ఈ బండి హాయిగా పోతుంది. అమ్మ దగ్గరికి మూడున్నర గంటలు, మధ్యలో ఓ టీ, ఓ ఇడ్లీ. రెండు చక్రాలకి టోల్ లేదు కాబట్టి పక్క సందులోంచి జారుకోవచ్చు. 80 దాటితే హ్యాండిల్‌లో సన్న వణుకు మొదలై, నాయుడుపేట వచ్చేసరికి వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. తడ దాటాక పులికాట్ వైపు నుంచి వచ్చే అడ్డగాలికి తేలిక బండి కదా, ఒక పక్కకి ఒరిగి నడపాలి. లారీని దాటగానే ఆ గాలి మళ్ళీ ఒక్క తోపు తోస్తుంది. అక్కడ రెండు చేతులూ గట్టిగా ఉంచుకోండి. చలికాలం ఆ పక్కన చెరువుల్లో కొంగలు కనబడతాయని తల తిప్పి చూడకండి, బండి ఆపి చూడండి. వెనక సీటు మాత్రం బల్ల. మా ఆవిడ ఒక్కసారి సూళ్ళూరుపేట దాకా వచ్చి, "మీ బండి మీద కూర్చోవడం కంటే రైల్లో నిలబడి పోవడం నయమండీ" అంది. తర్వాత ఆమెకెప్పుడూ రైలే.

ఏబీఎస్ లేని లోటు ఒక్కసారే తెలిసింది, కానీ బాగా తెలిసింది. మొదటి వాన, ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) మీద ఇసుక, ముందు ఆటో ఉన్నపళంగా ఆగింది. ముందు బ్రేకు గట్టిగా నొక్కాను, చక్రం బిగుసుకుని బండి జారింది. మోచెయ్యి గీరుకుపోయింది, అంతే, అదృష్టం. 125 సీసీ పైబడ్డ బండ్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి అయింది 2019 ఏప్రిల్ నుంచి. నేను ఆర్నెల్లు ఆగి ఉంటే సరిపోయేది.

మైలేజీ కొత్తలో ఊళ్ళో 46, హైవేలో 54. ఇప్పుడు 41, 50. అందులో బండి వయసుదే పెద్ద వాటా. ఇరవై శాతం ఇథనాల్ పెట్రోలుది కూడా కొంత ఉంది, ఇథనాల్‌కి శక్తి తక్కువ కదా. పైగా ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది, ఈ ఊరి గాలిలో తేమకి కొదవ లేదు. రెండు వారాలు ఊరెళ్ళి వస్తే కార్బ్యురేటర్ గిన్నె కింది స్క్రూ వదులు చేసి కాస్త కారనిచ్చాకే స్టార్ట్ చేస్తాను. పెట్రోలు పైపు, కార్బ్యురేటర్ రబ్బర్లు పోయినేడు ముందుజాగ్రత్తగా మార్పించాను.

అందుకని ఒరేయ్, ఆ బండి కొనాలనే ఉంటే 2019 ఏప్రిల్ తర్వాతదే చూడు, ఏబీఎస్ ఉంటుంది. పొద్దున్నే వెళ్ళు, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు. ఆయిల్ మూత తిప్పి లోపలివైపు చూడు, మీగడలాంటిది అంటుకుని ఉంటే వెనక్కి వచ్చెయ్. సీటు తీయించి వైర్ల సందుల్లో ఎండిన బురద గీత ఉందేమో చూడు. కింద కూర్చుని సైలెన్సర్ అడుగు వేలితో తట్టు. వీటన్నిటికంటే ముందు, అమ్మే మనిషి ఇల్లెక్కడో కనుక్కో. బీచ్ పక్కనైతే నట్లన్నీ ఓసారి తిప్పి చూడాలి. వేళచ్చేరి అంటే మాత్రం, 2023 డిసెంబరులో బండి ఎక్కడ నిలబెట్టాడో అడుగు.